ఎత్తుకోమనే పాపది బద్ధకమేనా?

ప్రశ్న: మా పాపకు 5 ఏళ్లు. చేతి బొటనవేలు వెనక్కి నొక్కితే ముంజేతికి తగులుతుంది. నిలబడితే మోకాళ్లు వెనక్కి వంగినట్టు కనిపిస్తాయి. ఏడాదిన్నరకు గాని నడవలేదు. ఇప్పటికీ ఏ అడ్డూ లేనిచోట కూడా పడిపోతుంటుంది. బయటికి వెళితే కాస్త దూరం నడిచి ఎత్తుకోమంటుంది, ఇంట్లో మాత్రం గంటల తరబడి గెంతుతుంది. వారంలో రెండు మూడు రాత్రులు కాళ్లు నొప్పులని ఏడుస్తుంది, తెల్లారేసరికి ఏమీ ఉండదు. స్కూల్లో రెండు లైన్లు రాసి చెయ్యి నొప్పి అంటోందట. శ్రద్ధ లేదని టీచర్ అన్నారు. డాక్టరు చూసి 'జాయింట్ హైపర్‌మొబిలిటీ (కీళ్లు మామూలుకన్నా ఎక్కువ వంగడం), పెద్దయితే తగ్గుతుంది' అని పంపేశారు. ఇదంతా బద్ధకం, గట్టిగా నడిపించాల్సిందే అంటారు మావారు. పరుగెత్తనిస్తే కీళ్లు అరిగిపోతాయి, కూర్చోబెట్టండి అంటారు మా అత్తగారు. పాపేమో డాన్స్ క్లాసులో చేర్పించమని ఒకటే గొడవ. చిన్నప్పుడు నా వేళ్లు కూడా ఇలాగే వంగేవి. నా వల్లే వచ్చిందా? ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి

సమాధానం: మీ ఇంట్లో నడుస్తున్న వాదనతోనే మొదలుపెడతాను. అది తేలితే మిగతావి సగం తేలిపోతాయి. మీవారు చెప్పేదీ సరికాదు, మీ అత్తగారు చెప్పేదీ సరికాదు. పాప అలసట నిజమైనది, బద్ధకం కాదు. అలాగని కూర్చోబెడితే తగ్గేదీ కాదు, కదలిక తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది. ఈ పిల్లలకు కావలసింది కదలడమే. ఎంత కదలాలి, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం తోటి పిల్లల్ని చూసి కాకుండా ఈ పాపను చూసి నిర్ణయించుకోవాలి.

కారణం చెబుతాను. కీలు దగ్గర ఎముకల్ని కలిపి పట్టి ఉంచేవి లిగమెంట్లు. వాటికి గట్టిదనం కొల్లాజెన్ అనే ప్రొటీన్ వల్ల వస్తుంది. దాని అల్లిక అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో లిగమెంట్లు ఎక్కువగా సాగుతాయి, అందుకని కీలు ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకొంచెం ముందుకు పోతుంది. బందులు వదులైన తలుపు ఒరిగిపోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. మీ పాప ఒంట్లో ఆ పట్టుకుని నిలబడే పని కండరాల మీద పడుతోంది. ఊరికే నిలబడటానికి, ఊరికే కూర్చోవడానికి కూడా అవి పనిచేస్తూనే ఉండాలి. సాయంత్రానికి అవి అలసిపోతాయి, ఆ అలసటే రాత్రికి నొప్పిగా బయటపడుతుంది.

ఇంట్లో గంటలు గంటలు గెంతే పిల్ల బయట నాలుగడుగులకే ఎలా అలసిపోతుంది అన్నది మీవారి అనుమానం అయి ఉంటుంది. చాలామంది తండ్రులకు వచ్చే అనుమానమే, తప్పేమీ లేదు. కాకపోతే ఇంట్లో ఆమె ఎలా ఆడుతుందో ఒకసారి గమనించండి. కాసేపు గెంతుతుంది, కింద పడి దొర్లుతుంది, మంచం మీద వాలుతుంది, మళ్లీ లేస్తుంది. ఎవరూ చెప్పకుండానే తన విశ్రాంతి తను తీసుకుంటోంది. బయట నడిచేటప్పుడు ఆ వీలు లేదు. పెద్దవాళ్ల వేగంతో, ఆగకుండా, ఒకే రకం కదలికతో పోవాలి. లైన్లో కదలకుండా నిలబడటం ఈ పిల్లలకు ఇంకా కష్టం. ఇంట్లో ఆట, బయట ఏడుపు రెండూ నిజమే. ఒకటి చూపించి రెండోది నాటకం అనకూడదు.

పడిపోవడం గురించి కూడా. కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో, మోకాలు ఎంత వంగిందో మనకు తెలుస్తుంది. కీళ్లు, కండరాలు మెదడుకు ఎప్పటికప్పుడు పంపే కబురు వల్ల అది సాధ్యమవుతుంది. కీళ్లు వదులుగా ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ కబురు అంత కచ్చితంగా అందదు. అందుకే గుమ్మాలకు తగులుకుంటారు, తమ కాళ్లకు తామే అడ్డం పడతారు, పెన్సిల్‌ను అవసరానికి మించి బిగించి పట్టుకుంటారు, గ్లాసును దబ్‌మని పెడతారు. 'చూసుకుని నడువు' అని ఎన్నిసార్లు అన్నా లాభం లేకపోవడానికి కారణం ఇదే. సాధన చేసేకొద్దీ ఈ తెలివిడి మెరుగుపడుతుంది, దాని గురించి కింద చెబుతాను.

డాక్టరు చేసిన పరీక్ష బహుశా బైటన్ స్కోరు. 1973లో ప్రచురితమైన పద్ధతి, ఇప్పటికీ అదే వాడుతున్నారు. చిటికెన వేలు 90 డిగ్రీలు దాటి వెనక్కి వంగుతుందా, బొటనవేలు ముంజేతికి తగులుతుందా, మోచేయి, మోకాలు 10 డిగ్రీలకు మించి వెనక్కి పోతాయా అని రెండు వైపులా చూస్తారు, ఒక్కోదానికి ఒక పాయింటు. మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనితే ఇంకో పాయింటు. మొత్తం 9. యుక్తవయసు రాని పిల్లల్లో 6 లేదా అంతకు మించి వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు, ఎందుకంటే చిన్నపిల్లల ఒళ్లు ఎలాగూ మెత్తగానే వంగుతుంది. 5 ఏళ్లలోపు అయితే ఈ స్కోరు మీద పెద్దగా ఆధారపడలేం. ఇది కీళ్లు ఎంత వంగుతాయో చెబుతుంది అంతే. 9కి 9 వచ్చినా ఏ నొప్పీ లేకుండా హాయిగా తిరిగే పిల్లలు ఎంతోమంది. అంతకన్నా తక్కువ వచ్చి రోజూ బాధపడేవాళ్లూ ఉన్నారు. కాబట్టి అంకె పట్టుకుని కంగారుపడకండి. రోజు ఎలా గడుస్తోంది, రాత్రి ఎలా గడుస్తోంది అన్నదే నేనైతే చూస్తాను.

'పెద్దయితే తగ్గుతుంది' అన్నది సగం నిజం. వయసు పెరిగేకొద్దీ కీళ్లు కొంత బిగుస్తాయి, చాలామందికి ఇబ్బంది తగ్గిపోతుంది. అయితే నొప్పి భయంతో ఆట మానేసిన అలవాటు, దానివల్ల బలహీనపడిన కండరాలు, 'నాకు చేతకాదు' అనే ఆలోచన వయసుతో వాటంతటవే పోవు. అందుకని ఊరికే ఎదురుచూడకండి, ఇప్పుడే మొదలుపెట్టండి.

మీ వల్ల వచ్చిందా అని అడిగారు. కుటుంబాల్లో నడిచే లక్షణమే ఇది, మీ నుంచి వచ్చి ఉండొచ్చు. కానీ మీరు ఏదో చేయడం వల్లో, చేయకపోవడం వల్లో వచ్చింది కాదు. కడుపుతో ఉన్నప్పుడు తిన్నదానికీ, బిడ్డను ఎత్తుకున్న తీరుకూ దీనితో సంబంధం లేదు. ఆడపిల్లల్లో మరింత ఎక్కువగా కనిపిస్తుంది. తప్పు చేసినట్టు బాధపడే బదులు మీ వేళ్ల సంగతి, మీకు నడుము నొప్పో, తరచూ చీలమండ మడతపడటమో ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. వాళ్లకు అది పనికొచ్చే సమాచారం.

ఇంటర్నెట్‌లో వెతికి ఉంటే ఎలర్స్-డాన్లోస్ సిండ్రోమ్ అనే పేరు ఈపాటికి మీ కంటపడే ఉంటుంది. కీళ్లు, చర్మం లాంటివి బలహీనంగా ఉండే వంశపారంపర్య జబ్బుల గుంపు అది. 2017 వర్గీకరణలో దీన్ని 13 రకాలుగా విభజించారు. వాటిలో ఎక్కువగా కనిపించే హైపర్‌మొబైల్ రకాన్ని నిర్ధారించే జన్యు పరీక్ష ఇప్పటికీ లేదు. పైగా ఎదిగే వయసులో ఉన్న పిల్లలకు ఆ పేరు తగిలించవద్దని 2023లో పిల్లల కోసం విడిగా వచ్చిన నిపుణుల సూచనలు చెబుతున్నాయి. కాబట్టి 5 ఏళ్ల పాప విషయంలో ఆ పేరు కోసం డాక్టర్ల చుట్టూ తిరగనక్కర్లేదు. పేరు ఏదైనా ఇప్పుడు చేయాల్సిన పని ఒకటే. మిగతా రకాలు, మార్ఫాన్ సిండ్రోమ్ లాంటి వేరే జన్యు జబ్బులు అరుదు. వాటిని పట్టించే గుర్తులు వేరేగా ఉంటాయి.

ఆ గుర్తులు ఉన్నాయేమో మాత్రం ఓపిగ్గా చూసుకోండి. చర్మం మామూలుకన్నా బాగా సాగడం, చిన్న దెబ్బకే పెద్దగా కమిలిపోవడం, మానిన గాయాల మచ్చలు పలచటి కాగితంలా వెడల్పుగా మిగలడం, వయసుకు మించిన పొడవు, మరీ పొడవైన వేళ్లు, చూపు సమస్యలు, తరచూ ఎముకలు విరగడం, దగ్గరి బంధువుల్లో చిన్నవయసులో పెద్ద రక్తనాళం చిట్లడం లేదా ఉన్నట్టుండి చనిపోవడం. వీటిలో ఏది ఉన్నా జన్యు నిపుణులకు చూపించాలి. ఇవి కాకుండా ఇంకొన్ని ఉన్నాయి, అవి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. కీలు వాచడం, ఎర్రబడటం, వేడిగా ఉండటం. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం, కుంటడం. ఎప్పుడూ ఒకే కాలు, ఒకే చోట నొప్పి. జ్వరం, బరువు తగ్గడం. నేల మీద నుంచి లేచేటప్పుడు చేతులతో తొడలు నొక్కుకుంటూ లేవడం. అన్నిటికన్నా ముఖ్యంగా, నిన్నటిదాకా చేయగలిగింది ఇవాళ చేయలేకపోవడం. కీళ్ల వదులు ఉన్న పిల్లలకు ఇంకో జబ్బు రాకూడదని లేదు కదా. మీరు రాసినదాన్ని బట్టి మీ పాపకు ఇవేవీ ఉన్నట్టు లేవు. రెండు కాళ్లూ నొప్పి పుట్టి తెల్లారేసరికి పోవడం, పగలు మామూలుగా ఆడటం ఊరటనిచ్చే విషయాలే.

ఇక చేయాల్సినవి. పిల్లలతో పనిచేసే ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపించండి. సాగిన లిగమెంట్లను బిగించే మందు లేదు, బిగించే వ్యాయామమూ లేదు. కీలు చుట్టూ ఉన్న కండరాలను బలపరచడం, ఓపిక పెంచడం, ఒంటి తూకం నేర్పడం, ఇవే చికిత్స. కాల్షియం, విటమిన్ డి మాత్రలు కూడా కీళ్లను బిగించవు. అయితే విటమిన్ డి తక్కువైనా కాళ్లు నొప్పులు వస్తాయి కాబట్టి డాక్టరు ఆ పరీక్ష రాస్తే చేయించండి, అర్థం ఉంది.

ఏ వ్యాయామం అన్న దగ్గర తల్లిదండ్రులు మరీ హైరానా పడుతుంటారు. 2010లో బ్రిటన్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. కీళ్ల నొప్పులున్న ఇలాంటి పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కీలు కీలుకూ ఎంచి వ్యాయామాలు, ఇంకో జట్టుకు ఒళ్లంతా గట్టిపడే మామూలు వ్యాయామాలు ఇచ్చారు. రెండు జట్లలోనూ నొప్పి తగ్గింది, ఒకటి రెండోదానికన్నా మేలని తేలలేదు. మీరు ఇందులోంచి తీసుకోవాల్సింది ఏమిటంటే, పాప ఇష్టంగా రోజూ చేసేదే మంచి వ్యాయామం. పుస్తకంలో ఎంత గొప్పగా ఉన్నా ఏడుస్తూ చేసేది నాలుగు రోజులకే ఆగిపోతుంది.

5 ఏళ్ల పిల్లకు వ్యాయామం అంటే ఆటే. ఎలుగుబంటి నడక ఆడించండి, చేతులూ కాళ్లూ నేల మీద పెట్టి నడుము పైకెత్తి నడవడం. వెల్లకిలా తిరిగి పీత నడక. ఇవి భుజాలకు, పొట్టకు, తుంటికి ఒకేసారి పని చెబుతాయి. నేల మీద దిండ్లు పరిచి వాటి మీద నడిపించండి, మెత్తటి చోట తూకం నిలుపుకోవడానికి చీలమండలు కష్టపడతాయి. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడే పందెం పెట్టండి, పక్కన పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. బొమ్మల బుట్టను తోయడం, లాగడం, బట్టలు ఆరేసేటప్పుడు ఒక్కొక్కటిగా అందించడం, గొంతుక్కూర్చుని లేస్తూ బొమ్మలు ఏరడం, అన్నీ పనికొచ్చేవే. తోయడం, లాగడం, మోయడం వల్ల ఇందాక చెప్పిన కబురు మెదడుకు గట్టిగా అందుతుంది. ఈత, నీళ్లలో ఆటలు చాలా మంచివి, నీరు ఒంటి బరువును కొంత మోస్తుంది కాబట్టి ఎక్కువసేపు ఆడగలుగుతారు. సైకిల్ కూడా మంచిదే. ఒకేసారి అరగంట చేయించే బదులు ఐదు నిమిషాల చొప్పున రోజులో కొన్నిసార్లు చేయించండి.

రెండు జాగ్రత్తలు. నిలబడినప్పుడు మోకాళ్లు వెనక్కి తోసి నిలబడే అలవాటు ఈ పిల్లలకు ఎక్కువ, అలా చేస్తే కండరాలకు పని తప్పుతుంది కదా. మోకాలి వెనక మెల్లగా తట్టి 'మోకాళ్లు మెత్తగా' అనండి చాలు. రెండోది, బంధువులు వచ్చినప్పుడు 'ఏదీ, వేళ్లు వంచి చూపించు' అనే ముచ్చట. దయచేసి మానిపించండి. ఇప్పటికే ఎక్కువ వంగే కీలును అస్తమానం చివరిదాకా లాగడం మంచిది కాదు. పిల్ల ఏదో గొప్ప చేస్తున్నట్టు అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె ఎందుకు మానుతుంది? మీరే కాస్త గట్టిగా చెప్పాల్సి వస్తుంది. చప్పట్లు కావాలంటే ఒంటికాలి మీద నిలబడినప్పుడు కొట్టమనండి.

పాదాలు వెనక్కి మడిచి, మోకాళ్లు ముందుకు పెట్టి డబ్ల్యూ ఆకారంలో కూర్చునే పిల్లలు వీళ్లలో ఎక్కువమంది. మీరు రాయలేదు గాని మీ పాప కూడా కూర్చుంటూ ఉండొచ్చు. అలా కూర్చుంటే తుంటి ఎముక జారిపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు, దానికి ఆధారాలు లేవు. అలా కూర్చుంటే నడుము నిలపడం సులువు, అందుకే కూర్చుంటారు. కేకలు వేయకండి. చిన్న స్టూలు వేసి ఇవ్వండి, గోడకు ఆనించి కూర్చోబెట్టండి, బోర్లా పడుకుని బొమ్మలు వేయమనండి. ఎక్కువసేపు ఒకే తీరులో కూర్చోకుండా ఉంటే సరిపోతుంది.

చేతులు పట్టుకుని గిర్రున తిప్పడం, ఒక్క చెయ్యి పట్టుకుని పైకి లాగడం మాత్రం ఇంట్లో ఎవరూ చేయకూడదని గట్టి నియమం పెట్టుకోండి. 5 ఏళ్ల లోపు పిల్లలెవరికైనా ఇలా లాగితే మోచేతి దగ్గర ఎముక కాస్త పక్కకు జారే ప్రమాదం ఉంది, కీళ్లు వదులుగా ఉంటే జాగ్రత్త ఇంకా అవసరం. అలా జరిగితే పిల్ల ఆ చెయ్యి కదపకుండా కొద్దిగా వంచి ఒంటికి ఆనించి పట్టుకుంటుంది, ముట్టుకోనివ్వదు. డాక్టరు నిమిషంలో సరిచేస్తారు, ఇంట్లో లాగి చూడకండి. ఎత్తుకోవాలంటే చంకల కింద చేతులు పెట్టి ఎత్తుకోవాలి.

రాత్రి నొప్పికి గోరువెచ్చటి నీళ్ల స్నానం, పడుకునే ముందు కాళ్లు మెల్లగా మర్దన చేయడం, వేడి కాపడం బాగా పనిచేస్తాయి. కాపడం చర్మం కాలేంత వేడిగా ఉండకూడదు. మరీ ఏడుస్తుంటే పారాసిటమాల్ వాడొచ్చు, మోతాదు పాప బరువును బట్టి డాక్టరు చెప్పినంతే. దాన్ని రోజూ ఇవ్వాల్సి వస్తోందంటే మళ్లీ డాక్టరుకు చూపించాలని అర్థం. నొప్పి అన్నప్పుడు 'ఏం లేదు పడుకో' అనకండి. 'అవును, ఇవాళ కాళ్లు చాలా పనిచేశాయి, కాసేపట్లో తగ్గుతుంది' అనండి. తగ్గాక ఆ మాట ఎత్తకండి. పొద్దున్నుంచి పదిసార్లు 'నొప్పిగా ఉందా' అని అడిగితే, లేని నొప్పిని కూడా పిల్ల వెతుక్కోవడం మొదలుపెడుతుంది.

నొప్పి వచ్చిన రాత్రికి ముందు పగలు ఏం జరిగిందో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. సాధారణంగా ఇలా ఉంటుంది. ఒకరోజు ఒళ్లు తెలియకుండా ఆడుతుంది, ఆ రాత్రి ఏడుస్తుంది, మర్నాడు మీరు భయపడి అసలు కదలనివ్వరు, ఇంకో రెండు రోజులకు ఊపిరాడక మళ్లీ విరగబడి ఆడుతుంది. ఈ ఎగుడుదిగుళ్లే నొప్పిని పెంచుతాయి. ఎక్కువ ఆడిన రోజున మధ్యలో కాసేపు బొమ్మల పుస్తకంతో కూర్చోబెట్టండి, నొప్పి వచ్చిన మర్నాడు కొంచెం తగ్గించండి. పూర్తిగా ఆపకండి.

నడక విషయంలోనూ ఇదే పద్ధతి, ఈ భాగం మీవారికి చూపించండి. పాప ఎంత దూరం తర్వాత ఎత్తుకోమంటోందో కొన్నాళ్లు చూడండి. అంతకు కాస్త ముందే మీరే ఆగి, ఏదైనా చూపిస్తూ కూర్చోండి. ఏడ్చాక ఎత్తుకోవడం కాదు, ఏడవకముందే విశ్రాంతి. వారం వారం ఆ దూరాన్ని కొద్దిగా పెంచుకుంటూ పోవచ్చు. దూరం వెళ్లాల్సిన రోజున తోపుడు బండో, మరోటో తీసుకెళ్లడానికి మొహమాటపడకండి. అక్కడికి చేరాక ఆడుకోవడానికి ఓపిక మిగలాలి కదా. నడిపించాలన్న ఆయన ఉద్దేశం మంచిదే, ఏడిపించి నడిపిస్తే మాత్రం పిల్లకు నడకంటేనే విరక్తి పుడుతుంది.

స్కూలు సంగతి నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. నొప్పి కొన్నాళ్లకు తగ్గొచ్చు, 'శ్రద్ధ లేని పిల్ల' అన్న ముద్ర మాత్రం త్వరగా పోదు. రాసేటప్పుడు వేళ్ల చివరి కీళ్లు లోపలికి వంగిపోతాయి, పెన్సిల్ జారకుండా ఉండటానికి బిగించి పట్టుకుంటుంది, రెండు లైన్లకే చెయ్యి పట్టేస్తుంది. టీచర్‌ను కలిసి, వాదనకు దిగకుండా ఇదే విడమరిచి చెప్పండి. వీలైతే ఫిజియోథెరపిస్టుతో ఒక చిన్న ఉత్తరం రాయించుకెళ్లండి, తల్లి మాటకన్నా కాగితానికి విలువ ఎక్కువ కొన్నిచోట్ల. అడగాల్సినవి పెద్దవేమీ కావు. లావుపాటి పెన్సిల్, రెండు మూడు నిమిషాలకోసారి చెయ్యి విదిలించుకునే వెసులుబాటు, పది లైన్ల బదులు నాలుగు లైన్లు చక్కగా రాస్తే ఒప్పుకోవడం. కూర్చున్నప్పుడు పాదాలు గాల్లో వేలాడకూడదు, కింద ఏదైనా పెట్టాలి, బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. నేల మీద కూర్చోబెట్టే క్లాసైతే గోడ పక్కన చోటు. ఆటల పీరియడ్ నుంచి తప్పించమని మాత్రం అడగకండి, అలసినప్పుడు తనంతట తాను కూర్చోవచ్చని అనుమతి అడగండి. సంచి తేలిగ్గా ఉండాలి, రెండు భుజాలకూ తగిలించుకోవాలి.

ఇంట్లో రాత సాధన పెంచితే చెయ్యి బాగుపడుతుందని అనుకోకండి. ముందు భుజం, మణికట్టు గట్టిపడాలి. గోడకు కాగితం అంటించి నిలబడి బొమ్మలు వేయించండి, మట్టి ముద్దలు పిసకనివ్వండి, స్పాంజి పిండించండి, క్లిప్పులు పెట్టించండి. రాతలో తేడా కనిపించకపోతే ఆక్యుపేషనల్ థెరపిస్టును కలవండి, చేతి పనులు వాళ్ల ప్రత్యేకత.

బూట్ల గురించి ఎక్కువ చెప్పను. మడమ దగ్గర గట్టిగా ఉండి, తాడుతోనో పట్టీతోనో బిగించుకునేవి కొనండి. పాదం చదునుగా ఉండి, మునివేళ్ల మీద నిలబడినప్పుడు వంపు కనిపిస్తుంటే, నొప్పి కూడా లేకపోతే ప్రత్యేకమైన ఇన్‌సోల్స్ అవసరం లేదు. మోకాలికీ చీలమండకూ పట్టీలు కట్టి ఉంచడం కూడా నిపుణులు చెబితే తప్ప వద్దు, పట్టీ పనిచేస్తుంటే కండరం పని మానేస్తుంది. ఇంకొకటి, ఈ పిల్లల్లో మలబద్ధకం, మూత్రం ఆపుకోలేకపోవడం కూడా కొంత ఎక్కువగా కనిపిస్తాయి. ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, చికిత్స ఉంది.

చివరగా డాన్స్ క్లాసు. చేర్పించండి. అడిగి మరీ కదలాలనుకునే పిల్లను ఆపడం నాకు సరిగా అనిపించదు. అయితే చేర్చేముందు నేర్పేవాళ్లతో మాట్లాడండి. మెత్తగా వంగే పిల్ల దొరికితే అందరికన్నా ముందు నిలబెట్టి, ఇంకా వంచాలనిపిస్తుంది వాళ్లకు. ఒళ్లు సాగదీసే కసరత్తులు, కాళ్లు బార్లా చాపించడం, వెన్ను వెనక్కి వంచడం మా పాపకు వద్దు, అడుగు, తాళం, తూకం నేర్పండి చాలు అని ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే ఇంకో క్లాసు చూడండి. మొదటి నెల వారానికి ఒక్కరోజు, అదీ స్కూల్లో ఆటలు లేని రోజున పంపండి. మర్నాటికి కూడా నొప్పి ఉండిపోతే సమయం సగానికి తగ్గించండి. హాయిగా ఉంటే రెండో రోజు కలపండి.